ఏ పని ఎవరిది? – ప్రభుత్వాధికారముల పంపకము

ప్రజలు పంచాయతీ సభ్యుని యొద్దకు తెచ్చు కోరికలలో పంచాయతీ స్వయముగా తీర్చగలిగినవి కొన్నియే. మిగిలినవానిని గూర్చి అర్జీ ఎచటికి పంపవలయునో తెలియనిచో ఆ కాగితము నెలల తరబడి కార్యాలయముల నడుమ తిరుగుచుండును. కావున ప్రభుత్వాధికారము ఎట్లు పంచబడినదో ఇచట వివరించుచున్నాము.

సికింద్రాబాదు చెంతనున్న మల్కాజ్‌గిరిని ఉదాహరణముగా తీసికొందము. అచటి రైల్వే స్టేషను కేంద్ర ప్రభుత్వమునకు చెందిన దక్షిణ మధ్య రైల్వేది. మంచినీటి సరఫరా రాష్ట్ర శాసనముచే ఏర్పడిన జలమండలిది. వీధి దీపములు, చెత్త తొలగింపు నగరపాలక సంస్థవి. రైలు పట్టాల క్రిందుగా దారి వేయవలెనన్నచో పట్టాల క్రింది భాగమును రైల్వేవారును, ఇరువైపుల దారులను రాష్ట్రము గాని స్థానిక సంస్థ గాని చూచుకొనవలయును. ఒకరు కదలి వేరొకరు కదలనిచో పని సగములో నిలిచిపోవును.

కేంద్ర, రాష్ట్రముల మధ్య ఈ పంపకమునకు మూలము మన రాజ్యాంగములోని 7వ షెడ్యూలు. రక్షణ, రైల్వేలు, తపాలా కేంద్ర జాబితాలోనివి. పోలీసు, భూమి, ప్రజారోగ్యము రాష్ట్ర జాబితాలోనివి. విద్య, అడవులు ఉమ్మడి జాబితాలోనివి. స్థానిక స్వపరిపాలనము రాష్ట్ర జాబితాలో చేరినదను విషయమును మనము ముఖ్యముగా గుర్తుంచుకొనవలయును. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించి, ఐదేండ్ల కాలపరిమితి విధించి, 11వ షెడ్యూలులో 29 విషయములను పేర్కొన్నది. అయితే వానిలో వేనిని, ఎంతవరకు అప్పగింపవలయునో నిర్ణయించునది రాష్ట్ర శాసనసభయే. 2007లో మల్కాజ్‌గిరి పురపాలక సంఘము మరి పదకొండు సంఘములతో కూడ హైదరాబాదు మహానగరపాలక సంస్థలో విలీనమైనదియు రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయము చేతనే.

శాసనమును ఆచరణలో పెట్టువారు ఉద్యోగులు. జిల్లా కలెక్టరుగా నుండు ఐ.ఏ.ఎస్. అధికారి అఖిల భారత సర్వీసునకు చెందినవాడైనను రాష్ట్ర ప్రభుత్వము క్రింద పనిచేయును. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము సర్పంచును సస్పెండు చేయు అధికారమును కలెక్టరునకే ఇచ్చినది. ఉద్యోగికి నియమము బలము. ప్రతినిధికి ప్రజల ఓటు బలము. ఈ రెండవది లేనిచో ఏమగునో తెలంగాణలో ఇటీవలనే చూచితిమి. 2019లో ఎన్నికైన పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి ఆరంభమునకు ముగియగా, 2025 డిసెంబరు ఎన్నికల వరకు ప్రత్యేకాధికారులు పాలన సాగించిరి. ఎన్నికైన పాలకవర్గములున్న పంచాయతీలకే గ్రాంటు ఇవ్వవలెనను 15వ ఆర్థిక సంఘపు షరతువలన కేంద్ర నిధులు ఆగిపోయినవి. ఆ గ్రాంటులో 60 శాతము త్రాగునీటికి, పారిశుధ్యమునకు ఉద్దేశింపబడినది. ఎన్నిక ఆలస్యమైనచో నష్టము సర్పంచు పదవికి మాత్రమే గాక గ్రామములోని కుళాయికిని, మురుగు కాలువకును కలుగునని దీనివలన తేలుచున్నది.

ఇక సభ్యులు చేయవలసిన దేమి? మొదట ఆ పని ఏ ప్రభుత్వముదో, ఏ శాఖదో తెలిసికొనవలయును. పంచాయతీలో తీర్మానము చేసి, సంబంధించిన అధికారికే పంపి, అందినట్లు రశీదు పొందవలయును. ఇద్దరికి సంబంధించిన పనియైనచో ఇద్దరికిని ప్రతులు పంపవలయును. జవాబు రానిచో, కాగితము ఎచట నిలిచినదో సభ్యుడు పౌరునిగా 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగవచ్చును. సాధారణముగా 30 దినములలో సమాధాన మీయవలసి యున్నది. ఫలితమును గ్రామసభకు తెలుపుట మరువరాదు. ఏ పని ఎవరిదో ఎరిగిన సభ్యుని మాటను ఏ కార్యాలయమును తేలికగా త్రోసివేయజాలదు.