జేబు టార్చిలైటు నెన్నుకొనుట

ఒంటిమిట్ట కోదండరామస్వామివారి కల్యాణము రాత్రివేళ జరుగునను సంగతి మన సీమవారికి క్రొత్త గాదు. తక్కిన తావులందు శ్రీరామనవమినాడు పట్టపగలు పెండ్లి జరుగుచుండగా, ఇచ్చట చైత్ర శుద్ధ చతుర్దశి రాత్రి పండువెన్నెలలో జరుగుచున్నది. అట్టి రాత్రి దీపములకు దూరముగ నొక చేనిగట్టుపై నిలుచువానికి త్రోవ కనబడును, ఎదురు వచ్చు మనుష్యుడు కనబడును. కాలిక్రింద నున్నది త్రాడో పామో మాత్రము తెలియదు. చిత్రమేమనగా, నేడు టార్చిలైటుల దూరమును గొలుచు కొలబద్ద యీ వెన్నెలయే. దాని నర్థము చేసికొనినవానిని అంగడివాడు మోసగించుట కష్టము.

మన మెట్టసీమలో టార్చి యవసరము పట్టణవాసుల యవసరము వంటిది కాదు. 2004వ సంవత్సరమున వ్యవసాయపు పంపులకు ఉచిత విద్యుత్తు వచ్చిన పిమ్మట గూడ చాలకాలము అది దినమునకు ఏడు గంటలే. అదియు వంతులుగా, పెక్కుచోట్ల నడిరేయి వచ్చుచుండెడిది. బోరు మోటారు వేయుటకు రైతు చీకటిలో అరటితోటలోనికి పోవలసినదే. తరువాత పగటిపూట తొమ్మిది గంటల పద్ధతి వచ్చినను, రాత్రి పంట కాపలాయు, పశువుల కొట్టమునకు పోవుటయు ఆగలేదు. 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధన, 2000 మొదలు 2019 వరకు మన దేశమున పాముకాటుచే రమారమి 12 లక్షల మంది, అనగా ఏటికి 58,000 మంది, మరణించిరని లెక్కగట్టినది. వారిలో నెక్కువమంది పల్లెలవారే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి యను నాలుగును ఈ చావులకు ముఖ్యకారణములు. వీనిలో చిన్న పింజరి సాధారణముగ మూరెడు పొడవే. రంగు మన మట్టి రంగే. దానిని త్రొక్కకుండ దాటింపగల వెలుగే మనకు కావలసినది. టార్చి మంచిచెడ్డలను ఈ యొక్క పనినిబట్టియే తూచవలెను.

ఇక కొలతల మాట. డబ్బాపై ల్యూమెను లనియు, క్యాండెలా లనియు, మీటర్లనియు అంకెలుండును. దీపమునుండి వెలువడు మొత్తము వెలుగు ల్యూమెనులలో చెప్పబడును. ఒక దిక్కునకు పోవు వెలుగు తీవ్రత క్యాండెలాలలో చెప్పబడును. ఒకే నీటిని చాటలో పోసినట్లు పఱచవచ్చును, సన్నని గొట్టమునుండి చిమ్మవచ్చును గదా, అట్లే. 2009లో అమెరికాలో ఏర్పడిన ప్రమాణము ప్రకారము, టార్చి దూరమనగా దాని వెలుగు 0.25 లక్సుకు తగ్గునంత దూరము. నిర్మలాకాశమున పున్నమి వెన్నెల సుమారంతయే. కాబట్టి డబ్బాపై 200 మీటర్లని యున్నయెడల, అంతదూరమున మనకు దొరకునది వెన్నెలమాత్రమే యని గ్రహింపవలెను. దూరము సగమైన వెలుగు నాలుగు రెట్లగును. 100 మీటర్ల యొద్ద నాలుగు వెన్నెలలు, 50 మీటర్ల యొద్ద పదునాఱు. వ్రేలెడు టార్చిపై రెండు కిలోమీటర్లని వ్రాసి యమ్మువారును కలరు. అంతదూరమునకు వెన్నెలపాటి వెలుగు చేరవలెనన్న పదిలక్షల క్యాండెలాలు కావలెను! ఆ డబ్బాను అక్కడనే దింపివేయుట మేలు.

కాలినడకకు కావలసిన వెలుగు మనము తలచునంత గొప్పది గాదు. 100 ల్యూమెనులను మూడు మీటర్ల వెడల్పు గల వృత్తములో సమముగ పఱచితిమా, చదరపు మీటరునకు సుమారు 14 ల్యూమెనులు పడును. అనగా పున్నమి వెన్నెలకు యాబది రెట్లకు మించినది. త్రాడునకును పామునకును భేదము తెలియుటకిది చాలును. ముందుకు జరుపుచు వెనుకకు లాగుచు కిరణమును సన్నము చేయు జూము టార్చిలు చూచుటకు వేడుకగా నుండును గాని, కిరణము సన్నమైనప్పుడు ప్రక్కలన్నియు చీకటియే. పాము ప్రక్కనుండి వచ్చును.

మిక్కిలి వెలుగువలన నష్టము గూడ నున్నది. చీకటికి పూర్తిగ నలవడుటకు మన కంటికి అరగంట పట్టును. వేయి ల్యూమెనులను ఒక్కసారి కాలివద్ద కొట్టిన ఆ యలవాటంతయు పోవును. ఇంటిలో మంచముక్రింద చూచుటకు ఒకటి రెండు ల్యూమెనులు, నడకకు నూఱు, చప్పుడైన దిక్కునకు క్షణకాలము చూచుటకు నాలుగైదు వందలు: ఈ మూడు మెట్లు గల టార్చి యుత్తమము. నొక్కినతోడనే తక్కువ వెలుగుతో మొదలగునది మఱింత మేలు. మిలమిల మినుకు విద్యలు మనకు వలదు.

వెలుగు ఎంతసేపు నిలుచునను ప్రశ్న అన్నిటికంటె ముఖ్యము. దానినే కొనువారు అడుగరు. తాతలనాటి ఇత్తడి టార్చిలో తీగ కాగి వెలుగిచ్చెడిది. శక్తిలో నధికభాగము వేడిమిగా పోయెడిది. నీలికాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించినందులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమతి పొందిన అకసాకి, అమానో, నకమురా యను జపానుదేశపు వారి కృషివలన నేడు ఒక వాటు శక్తికి సుమారు నూఱు ల్యూమెనులు వచ్చుచున్నవి. ఈ లెక్క పట్టుకొనిన చాలును. 18650 అను లిథియము సెల్లు 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు గలది. మేలైనదానిలో పండ్రెండు వాటు-గంటల శక్తి యుండును. 100 ల్యూమెనులకు పండ్రెండు గంటలు వచ్చును. 1000 ల్యూమెనులకు గంట మాత్రమే. ఆ గంటయు గాదు. చిన్న యొడలు ఆ వేడి కోర్వలేక కొలది నిమిషములలోనే వెలుగును తగ్గించుకొనును. ఇంకొక మర్మము: వెలుగు మొదటిదానిలో పదవవంతునకు పడిపోవువఱకు గల కాలమునే ఆ ప్రమాణమువారు "నడచు కాలము" అందురు. కాబట్టి 1000 ల్యూమెనులు, పది గంటలు అను రెండంకెలు ఒకే డబ్బాపై నుండవచ్చును. ఒకేసారి చేతికి రావు.

18650 సెల్లుపై 9900 మిల్లీ ఆంపియరు-గంటలని వ్రాసియున్న నమ్మవలదు. మేలైన వానికిని 3500 ప్రాంతమే పరిమితి. అట్టి సెల్లులను పేరు దెలిసిన అంగడిలో గాక సంతలో కొనుట అపాయకరము గూడ. లిథియము సెల్లు లోపల దెబ్బతిన్నచో మంటలు లేచును.

మఱి మన గ్రామములకు ఏది తగును? నా యభిప్రాయమున, ఏ చిల్లర యంగడిలోనైనను దొరకు ఒక్క పెన్సిలు సెల్లుతో నడచు టార్చి విద్యార్థి జేబునకు సరియైనది. అది వ్రేలికంటె కొంచెము పెద్దది. వెలుగు నూఱు ల్యూమెనులకు మించనక్కఱలేదు. రాత్రులు తోటలో గడుపు పెద్దలకు 18650 మంచిది, సెల్లు బయటికి తీయ వీలుండినయెడల. సెల్లును లోపలనే బిగించి మూసినవి చౌకయే గాని, సెల్లు ముసలిదైననాడు టార్చియంతయు చెత్తలో చేరును. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన వరద, విద్యుత్తు లేని రాత్రులన్న నెట్టివో రాజంపేట ప్రాంతపు పల్లెలకు చూపినది. అట్టివేళ మార్చి వేసికొన నొక సెల్లుండుట యెంతో ధైర్యము. వానకొఱకు ఐ.పి.ఎక్స్. 4 అను గుర్తు చాలును. నీటిలో పడినను చెడరాదన్న 7 ఉండవలెను.

సెల్‌ఫోను దీపమే చాలునని కొందఱందురు. అత్యవసరమున సరే. కాని కాటు పడిననాడు 108కి చెప్పవలసినది ఆ ఫోనే గదా! దాని శక్తిని దారిపొడవున దీపమునకు ధారవోయుట వివేకము గాదు. కాటునకు మందు ప్రభుత్వాసుపత్రిలోని విషనిరోధక సూదియే. మంత్రము కొఱకు పోయి గడుపు గడియలు ప్రాణముపైకి తెచ్చును.

వెలుగు రంగు కూడ చూడుడు. నీలిచాయ గల తెలుపులో ఎఱ్ఱమట్టి, ఎండుటాకు, పింజరి మచ్చలు అన్నియు బూడిదవలె నొక్కటగును; కొంచెము పసుపుచాయ గల వెలుగులో విడివిడిగ తెలియును. అంగడిలో అరచేతిపై వెలిగించి చూచిన భేదము వెంటనే పట్టుబడును. అరచేయి చచ్చినదానివలె కనబడిన వేఱొకటి యడుగుడు. తరువాత చీకటిగానున్న మూలకు పోయి గోడపై కొట్టి, నడిమి చుక్కయే గాక దాని చుట్టు నెంత వెలుగు పఱచుకొన్నదో చూడుడు. అయిదు నిమిషములు వెలుగనిచ్చి చేతితో పట్టి చూచిన, దాని వేడిమియు బలమును రెండును తెలియును.

కొన్న పిమ్మట జేబులో తనంత తాను వెలుగకుండ వెనుక బిరడాను పావుచుట్టు వదులు చేయవలెను. పెక్కింటిలో ఇది పనిచేయును. రాత్రి తలగడ ప్రక్కన ఒకేచోట నుంచవలెను. కట్లపాము నిద్రించువారినే యెక్కువగ కఱచును, కాటు నొప్పియు పెక్కుసార్లు తెలియదు. నేలమీద పండుకొనువారు లేచుటకు మున్ను వెలుగు వేసి చూడవలెను. నెలలతరబడి వాడనియెడల ఆల్కలైను సెల్లులను తీసి వేఱుగ పెట్టవలెను. వాని క్షారము కాఱి, లోపలి స్ప్రింగును తినివేయును.