విలీనాలతో ఎదిగిన బ్యాంకు

విద్యార్థులారా! మీ ఇంట్లో 'స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్' పేరున్న పాత పాస్‌బుక్ ఉంటే తీసి చూడండి. ఆ పేరుతో ఇప్పుడు బ్యాంకు లేదు. అయినా అందులో దాచుకున్న సొమ్ము ఎక్కడికీ పోలేదు. ఇదెలా సాధ్యమైందో తెలుసుకుందాం.

1806లో బ్యాంక్ ఆఫ్ కలకత్తా ఏర్పడింది. 1809లో దాని పేరు బ్యాంక్ ఆఫ్ బెంగాల్‌గా మారింది. 1840లో బ్యాంక్ ఆఫ్ బాంబే, 1843లో బ్యాంక్ ఆఫ్ మద్రాస్ వచ్చాయి. వీటిని ప్రెసిడెన్సీ బ్యాంకులు అంటారు. 1861 చట్టం వచ్చేవరకు ఇవి సొంతంగా కరెన్సీ నోట్లు జారీ చేసేవి. 1921లో ఈ మూడూ కలిసి ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయ్యాయి.

అయితే ఆ బ్యాంకు సేవలు ప్రధానంగా పట్టణాలకు, వ్యాపారులకే అందేవి. విత్తనాలకు డబ్బు కావలసిన రైతుకు వడ్డీ వ్యాపారే దిక్కు. అందుకే గ్రామీణ రుణాలను సర్వే చేసిన కమిటీ, ప్రభుత్వ భాగస్వామ్యంతో బలమైన బ్యాంకు ఉండాలని సిఫార్సు చేసింది. 1955 జూలై 1న ఇంపీరియల్ బ్యాంకు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాగా మారింది. ఐదేళ్లలో 400 కొత్త శాఖలు తెరవాలని చట్టమే నిర్దేశించింది.

ఇక మన హైదరాబాద్ సంగతి చూద్దాం. నిజాం పాలనలో 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది. ఆ సంస్థానపు నాణెమైన ఉస్మానియా సిక్కా నిర్వహణ కూడా దాని బాధ్యతే. 1956లో అది స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1959 చట్టంతో స్టేట్ బ్యాంకుకు అనుబంధ బ్యాంకుగా మారింది. అనుబంధ బ్యాంకుల్లో సౌరాష్ట్ర 2008లో, ఇండోర్ 2010లో మాతృసంస్థలో విలీనమయ్యాయి. 2017 ఏప్రిల్ 1న హైదరాబాద్, మైసూర్, పటియాలా, ట్రావన్‌కోర్, బికనీర్-జైపూర్ బ్యాంకులతోపాటు భారతీయ మహిళా బ్యాంకు కూడా కలిసింది.

విలీనం అంటే బోర్డు మార్చడమే కాదు. మీరు డిపాజిట్ చేసిన సొమ్ము బ్యాంకు మీకు తిరిగి చెల్లించవలసిన బాకీ. విలీనంలో ఆస్తులతోపాటు ఆ బాకీలు కూడా కొత్త బ్యాంకుకు సంక్రమిస్తాయి. అందుకే పాత ఖాతాదారు డబ్బు భద్రంగా ఉంటుంది. చెక్కుబుక్కులు, శాఖల కోడ్‌లు మాత్రం మారవచ్చు.

పెద్ద బ్యాంకు పెద్ద ప్రాజెక్టులకు అప్పివ్వగలదు. కానీ అది దెబ్బతింటే దేశమంతా కదిలిపోతుంది. అందువల్లే రిజర్వు బ్యాంకు 2015లో స్టేట్ బ్యాంకును వ్యవస్థకు అత్యంత కీలకమైన బ్యాంకుల జాబితాలో చేర్చి, అదనపు మూలధనం ఉంచుకోవాలని నిబంధన పెట్టింది.

ఒకే వీధిలో ఉన్న రెండు శాఖలు ఒకటైతే ఖర్చు తగ్గుతుంది. కానీ మారుమూల ఊరి శాఖ మూతపడితే వృద్ధుడి పింఛను మరింత దూరమవుతుంది. మీ ప్రాంతంలో విలీనం వల్ల ఏ మార్పు వచ్చిందో పెద్దలను అడిగి రాయండి.