కాకి పిల్లను మనిషి పెంచితే...

ఎండలు ముదిరి తొలకరి ఇంకా పడని రోజుల్లో కాకుల గూళ్లు పిల్లలతో నిండి ఉంటాయి. ఈదురుగాలికో, కొమ్మలు నరికినప్పుడో కొన్ని నేలపాలవుతాయి. చెట్టు కింద నోరు తెరిచి అరుస్తున్న పిల్లను చూసి జాలిపడి, అట్టపెట్టెలో ఇంటికి తెచ్చేవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చిక్కేమిటంటే, అలా తెచ్చిన వాటిలో చాలా పిల్లలు అనాథలు కావు.

ఒంటినిండా ఈకలు, పొట్టి తోక, నీలి బూడిద రంగు కళ్లు, గులాబీ రంగు నోరు ఉన్న పిల్ల సాధారణంగా తనంతట తానే గూడు దిగిన పిల్ల. ఎగరడం పూర్తిగా రాకముందే అది బయటికొచ్చి కొద్ది రోజులు కొమ్మల మీదా నేల మీదా గెంతుతుంది. పెద్దవి మేత తెచ్చి పెడుతూనే ఉంటాయి. దగ్గరికి వెళ్లిన వాళ్ల నెత్తిన కాకి తన్నేది అందుకే. శని పట్టిందని కంగారుపడనక్కర్లేదు. అలాంటి పిల్లను కుక్కకూ పిల్లికీ అందని కొమ్మ మీద ఉంచి పక్కకు జరిగితే చాలు. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది అపోహ.

ఈకలు రాని పిల్ల, గాయపడిన పిల్ల, పెద్దవి చనిపోయిన పిల్ల సంగతి వేరు. ముందు కాళ్లు చూడాలి. రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కు ఉంటే అది కాకి గూట్లో పెరిగిన కోకిల! కాకికైతే ముందుకు మూడు, వెనక్కు ఒకటి. నోట్లో నీళ్లు పోయడం పెద్ద తప్పు. శ్వాసనాళం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు అరగవు. అన్నం, రొట్టె ముక్కలతోనే పెంచితే కాల్షియం చాలక ఎముకలు వంకరపోతాయి. ఉడికిన గుడ్డు, పురుగులు, నానబెట్టిన కుక్క ఆహారం నయం, అదీ పొద్దున్నుంచి చీకటిపడే దాకా కొద్దికొద్దిగా, మళ్లీమళ్లీ. చుట్టుపక్కల కాకులు వరసగా చచ్చిపడుతుంటే మాత్రం చేత్తో ముట్టుకోకూడదు. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో బర్డ్ ఫ్లూ మొదట బయటపడింది కాకుల చావులతోనే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాకిని ఎలుకలతో కలిపి ఉపద్రవ జీవుల జాబితాలో పెట్టింది. 2022 సవరణ ఆ జాబితానే ఎత్తేసింది. కాబట్టి పిల్ల దొరికితే అటవీ శాఖకో, పక్షుల వైద్యం తెలిసినవారికో చెప్పడం మేలు.

తిండి పెట్టడం కంటే కష్టమైనది తర్వాత వచ్చే పని. ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ కాకి జాతికే చెందిన జాక్‌డా పిల్లల్ని చేత్తో పెంచాడు. వాటిలో ఒకటి ఆయన్నే జతగా భావించి పురుగులు తెచ్చి నోట్లో పెట్టబోయేది. నోరు మూసుకుంటే చెవిలో కుక్కేది. చదవడానికి సరదాగానే ఉంటుంది గానీ, ఆ పక్షి తనెవరో మరచిపోయినట్టే. మన ఊళ్లలో అలాంటి కాకి తిండి కోసం అపరిచితుడి భుజం మీద వాలితే, అశుభమని రాయి పడుతుంది. అందుకే అనుభవజ్ఞులు పిల్లను ఒంటరిగా పెంచరు. తోటి కాకుల మధ్య ఉంచుతారు, మచ్చిక చేయరు, మాట్లాడరు. ఎగరడం వచ్చాక ఆరుబయట పెద్ద పంజరంలో కొన్నాళ్లు ఉంచి, తలుపు తెరిచి, తనంతట తాను తిండి వెతుక్కునేదాకా అక్కడే మేత పెడతారు.

అంత చేసినా బతుకుతుందన్న హామీ లేదు. హవాయి దీవుల అలలా కాకి 2002 తర్వాత అడవిలో కనిపించలేదు. అంతకుముందు 1990లలో చేతుల మీద పెంచి వదిలిన 27 పక్షుల్లో 21 చనిపోయాయి. ఇయో అనే డేగను చూసి తప్పించుకోవడం వాటికి నేర్పినవారు లేరు. ఆ తర్వాత పిల్లలకు మనిషి ముఖం కనబడకుండా కాకి తల ఆకారపు తోలుబొమ్మతో మేత పెట్టారు, డేగ అంటే భయం నేర్పే శిక్షణ ఇచ్చారు. అయినా 2016-19 మధ్య వదిలిన 30 పక్షుల్లో మిగిలినవాటిని 2020లో వెనక్కి తేవలసి వచ్చింది. 2024 నవంబరులో మరో ఐదింటిని వదిలారు. ఈసారి ఎంచుకున్నది మావీ దీవి. అక్కడ ఇయో డేగలు లేవు.