ఆర్ఎస్ఐ 75 ఉన్నా ఆ షేరు మార్కెట్ కంటే వెనకే ఉండొచ్చు.. ఎలాగో తెలుసా?

స్టాక్ మార్కెట్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లను బాగా తికమక పెట్టే మాట 'రిలేటివ్ స్ట్రెంత్'. ఈ పేరుతో రెండు ఇండికేటర్లు ఉన్నాయి. రెండూ ఒకటే అనుకుని షేర్లు కొంటే చేతులు కాల్చుకోవాల్సి వస్తుంది. మరి తేడా ఏంటి?

ఆర్ఎస్ఐ ఏం చెబుతుంది?
రిలేటివ్ స్ట్రెంత్ ఇండెక్స్‌నే షార్ట్‌గా ఆర్ఎస్ఐ అంటారు. అమెరికాకు చెందిన వెల్స్ వైల్డర్ 1978లో దీన్ని పరిచయం చేశారు. ఇది షేరును దాని పాత ధరలతోనే పోలుస్తుంది. సాధారణంగా 14 రోజుల లెక్క తీసుకుంటారు. రీడింగ్ 0 నుంచి 100 మధ్య ఉంటుంది. 70 దాటితే ఓవర్‌బాట్, 30 కిందకు వస్తే ఓవర్‌సోల్డ్ అంటారు.

రెండోది ఏంటి?
కంపారిటివ్ రిలేటివ్ స్ట్రెంత్. షేరు ధరను నిఫ్టీ 50 లాంటి ఇండెక్స్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఇది. గీత పైకి వెళ్తే షేరు మార్కెట్‌ను మించి రాణిస్తున్నట్టు. కిందకు వస్తే వెనకబడుతున్నట్టు.

ఒక ఉదాహరణ చూద్దాం..
1,000 రూపాయల షేరు 14 రోజుల్లో పెరిగిన రోజుల్లో మొత్తం 84 రూపాయలు పెరిగి, తగ్గిన రోజుల్లో 28 రూపాయలు తగ్గిందనుకుందాం. మొత్తం కదలిక 112 రూపాయల్లో పెరుగుదల వాటా 75 శాతం. అంటే ఆర్ఎస్ఐ 75. సగటు తీసే పద్ధతిని బట్టి చార్టులో ఈ అంకె కొంచెం మారొచ్చు.

ఇప్పుడు ధర 1,056. లాభం 5.6 శాతం. కానీ అదే టైమ్‌లో నిఫ్టీ 25,000 నుంచి 27,000కు, అంటే 8 శాతం పెరిగితే? నిష్పత్తి 0.04 నుంచి 0.0391కి పడిపోతుంది. ఆర్ఎస్ఐ జోరు చూపిస్తున్నా షేరు మార్కెట్ కంటే వెనకబడినట్టే!

రివర్స్‌లో కూడా అంతే. నిఫ్టీ 8 శాతం పడినప్పుడు షేరు 3 శాతమే తగ్గితే నిష్పత్తి పెరుగుతుంది. అయినా చేతిలో డబ్బు మాత్రం తగ్గినట్టే.

ఎలా వాడాలి?
ఏ షేరు అన్నది తేల్చుకోవడానికి నిష్పత్తి, ఎప్పుడు అన్నదానికి ఆర్ఎస్ఐ పనికొస్తాయి. బ్యాంకు షేరును బ్యాంక్ నిఫ్టీతో పోల్చడం ఇంకా మేలు. ఇంకో మాట.. బలమైన ర్యాలీలో ఆర్ఎస్ఐ వారాల తరబడి 70 పైనే ఉండొచ్చు. 70 దాటిందని వెంటనే అమ్మేస్తే లాభం చేజారొచ్చు.

ఈ రెండూ జరిగిపోయిన ధరల లెక్కలే. రేపటికి గ్యారెంటీ కాదు. ఇది అవగాహన కోసం మాత్రమే. పెట్టుబడికి ముందు సెబీ రిజిస్టర్డ్ సలహాదారును సంప్రదించడం మంచిది.