కోటను వదిలి వెళ్ళిన సముద్రం

చెన్నైలోని సెయింట్ జార్జి కోటనుంచి చూస్తే సముద్రం ఇప్పుడు దూరంగా కనిపిస్తుంది. ఒకప్పుడు కెరటాలు కోట తూర్పుగోడ చెంతకే వచ్చేవి. మరి సముద్రం ఎందుకు వెనక్కి తగ్గిందో తెలుసా?

1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇచ్చిన ఇసుకనేలపై ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఈ కోట కట్టుకుంది. ఆయన తండ్రి చెన్నప్ప పేరిట చెన్నపట్నం వెలసింది. కాని అక్కడ ఓడలకు రేవు లేదు. దూరాన లంగరు వేసిన ఓడలనుంచి మసూలా పడవలే సరుకులను ఒడ్డుకు చేర్చేవి. మేకులు లేకుండా కొబ్బరితాళ్ళతో కుట్టిన వాటి పలకలు అలల దెబ్బకు వంగేవి గాని విరిగేవి కావు.

1876లో కోటకు ఉత్తరాన రేవుగోడలు కట్టసాగారు. ఈ తీరాన ఏడాదిలో ఎక్కువ నెలలు అలలు ఏటవాలుగా తాకుతూ ఇసుకను ఉత్తరానికి నెడతాయి. గోడ అడ్డురాగానే ఆ ఇసుక దక్షిణాన పేరుకుంది. కోటముందు నేల పెరిగింది, మెరీనా తీరం విశాలమైంది. ఉత్తరాన రాయపురం వైపు కొత్త ఇసుక అందక ఒడ్డు కోసుకుపోయింది. మత్స్యకారుల ఇళ్ళు కడలిపాలయ్యాయి. రాళ్ళకట్టలు వేయవలసివచ్చింది.

వాన వెలిశాక, ఇసుకమీద పారే సన్నని నీటికి ఒక పలక అడ్డుపెట్టండి. ఇసుక ఏ వైపు చేరుతుందో, ఏ వైపు తరుగుతుందో మీరే గమనించండి.