ఒక దసరా, మూడు సెలవుల పట్టికలు

ఆశ్వయుజ మాసం వచ్చిందంటే సరిహద్దు పల్లెల్లోని ఇళ్లకు ఒక్క పంచాంగం చాలదు. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా వేపనపల్లి ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక పక్క ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం, మరొక పక్క కర్ణాటకలోని కోలారు జిల్లా. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో కోడలిని కుప్పం వైపు నుంచి తెచ్చుకోవడం, ఆడపిల్లను కోలారు వైపు ఇవ్వడం తరతరాలుగా ఉన్నదే. చుట్టరికాలకు సరిహద్దు అడ్డు రాలేదు. బడి సెలవులకు మాత్రం వచ్చింది. ఇంటి పిల్లలకు ఒక తేదీన, మేనమామ పిల్లలకు మరొక తేదీన, మేనత్త పిల్లలకు ఇంకొక తేదీన సెలవులు మొదలవుతాయి. దసరాకైనా పిల్లలందరూ ఒకచోట చేరడం లేదేమని ఇంటి పెద్దలు ఏటేటా విసుక్కుంటూనే ఉంటారు. ఆ విసుగు వెనుక ఒక లెక్క ఉంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు కుప్పం, కృష్ణగిరి, హోసూరు మూడూ మద్రాసు రాష్ట్రంలోనివే. కోలారు ఒక్కటే మైసూరు రాష్ట్రంలోనిది. ఆ తరువాత మూడు ప్రభుత్వాలు, మూడు విద్యాశాఖలు, మూడు సెలవుల పట్టికలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ కర్ణాటకలోనూ ఈ ఋతువులోని పెద్ద సెలవులు దసరా పండుగను అనుసరించి వస్తాయి. మైసూరు దసరాను నాడహబ్బగా జరుపుకునే కర్ణాటకలో అది సహజం కూడా. తమిళనాడులో పద్ధతి వేరు. అక్కడి సెలవులు పండుగకు కాక పరీక్షకు కట్టుబడి ఉంటాయి. సెప్టెంబరులో జరిగే త్రైమాసిక పరీక్షలు, అంటే ‘కాలాండు’ పరీక్షలు ముగియగానే నెలాఖరున సెలవులు ఇస్తారు. పరీక్ష ఇంగ్లీషు నెలను పట్టుకుని కదలదు. పండుగ చాంద్రమానాన్ని పట్టుకుని ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, అధిక మాసం వచ్చిన ఏడు ఒక్కసారిగా వెనక్కు పోతుంది. ఈ రెండూ ఏ ఏడు కలుస్తాయో, ఏ ఏడు విడిపోతాయో అన్నది ఆకాశంలోని చంద్రుని చేతిలో ఉంది.

గడచిన మూడేళ్ల తేదీలు చూస్తే ఇది స్పష్టమవుతుంది. 2023లో అధిక శ్రావణం రావడంతో విజయదశమి అక్టోబరు 23, 24 తేదీలకు పోయింది. తమిళనాడులో ఉన్నత పాఠశాలల పిల్లలు అక్టోబరు 3నే తిరిగి బడికి వెళ్లారు. కర్ణాటకలో దసరా సెలవులు మొదలైందే 8వ తేదీన. చివరకు శని, ఆదివారాలను ఆయుధపూజకూ విజయదశమికీ కలుపుకుంటే దక్కినవి నాలుగు రోజులు. 2024లో తమిళనాడు సెలవులు సెప్టెంబరు 28 నుంచి అక్టోబరు 6 వరకు. కర్ణాటక సెలవులు అక్టోబరు 3 నుంచి 20 వరకు. గాంధీ జయంతిని కలుపుకుంటే అందరికీ ఉమ్మడిగా ఉన్నవి అయిదు రోజులు. అయితే ఆ అయిదు రోజుల్లో పండుగ లేదు. విజయదశమి 12న వచ్చింది. 2025లో అదృష్టం కాస్త కలిసివచ్చింది. విజయదశమి అక్టోబరు 2న పడింది. తమిళనాడు సెలవులు సెప్టెంబరు 27న మొదలయ్యేసరికి మిగిలిన రెండు రాష్ట్రాల్లో అప్పటికే బడులు మూసి ఉన్నాయి. ఉమ్మడి రోజులు ఆరు.

ఆ ఏడు కోలారు వైపు మరొక విశేషం జరిగింది. సామాజిక, విద్యా సర్వేకు ఉపాధ్యాయులను వినియోగించినందున కర్ణాటక ప్రభుత్వం తన బడులకూ ఎయిడెడ్ బడులకూ సెలవులను అక్టోబరు 18 దాకా పొడిగించింది. ప్రైవేటు బడిలో చదివే పిల్లవాడు ముందే పుస్తకాల సంచి తగిలించుకోగా, పక్కింటి ప్రభుత్వ బడి పిల్లవాడు వీధిలో ఆడుకుంటూ కనిపించాడు. ఒకే వీధిలో రెండు సెలవులు!

పూల మూటలు, పుస్తకాల సంచులు

ఉమ్మడిగా దొరికిన రోజులైనా పూర్తిగా చేతికి వస్తాయా అంటే అదీ లేదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో ఆయుధపూజకు బంతిపూలే ప్రధానమైన పంట. జూలైలో నాటిన నారు సుమారు రెండు నెలలకు పూతకు వచ్చి సరిగ్గా నవరాత్రుల నాటికి కోతకు సిద్ధమవుతుంది. లారీలకూ, వర్క్‌షాపులకూ, బెంగుళూరు అంగళ్లకూ దండలు కావలసిన ఆ రెండు మూడు రోజుల్లోనే ధర ఉంటుంది. మరునాడు అదే పువ్వును అడిగేవారుండరు. అందుచేత ఇల్లంతా తెల్లవారుజామునే తోటలో ఉంటుంది. పుట్టింటికి వెళదామనుకున్న ఇల్లాలు పూలబుట్ట వదిలి కదలలేదు. అమ్మ కదలనిదే పిల్లలూ కదలరు.

పిల్లలు తోటలో చేయి వేయడం గురించి చట్టం ఏమంటున్నదో తెలిసి ఉండటం మంచిది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలు ప్రమాదకరం కాని సొంత కుటుంబపు పనిలో బడి వేళల తరువాత గానీ, సెలవుల్లో గానీ, చదువుకు భంగం కలగకుండా సాయపడవచ్చు. పరుల పొలంలో కూలికి పోరాదు. బంతిపూల విషయంలో సెలవూ కోతా ఒకటి కావడం వల్ల చిక్కు రాదు. వేరుశనగ దగ్గరే వస్తుంది. జూలైలో విత్తిన వేరుశనగ వంద నుంచి నూట ఇరవై రోజులకు పీకుడుకు వస్తుంది. అంటే అక్టోబరు చివర, నవంబరులో. అప్పటికి తమిళనాడు బడులు పూర్తిగా నడుస్తుంటాయి. చెట్టు పీకడానికి పెద్దలు సరిపోయినా కాయలు కోసే దగ్గర చిన్న చేతులు కావాలనిపిస్తుంది. వాన మబ్బు కమ్మితే ఆ తొందర మరీ ఎక్కువ. హాజరు పట్టీలో ఖాళీలు పడేది ఆ రోజుల్లోనే. డిసెంబరులో వచ్చే అర్ధ సంవత్సర పరీక్షలకు పాఠాలు సాగేదీ ఆ రోజుల్లోనే. సెలవుల పట్టిక తయారు చేసేవారి బల్ల మీద ఒక పంటల క్యాలెండరు కూడా ఉంటే బాగుండును.

చదివే పిల్లలు, చదవలేని అమ్మలు

సెలవు కలవకపోతే ఏం పోయింది, పిల్లలు మరో ఏడు కలుస్తారు కదా అని ఎవరైనా అనవచ్చు. పోయేది ఆట మాత్రమే అయితే ఆ మాట నిజమే. ఇక్కడ పోతున్నది తెలుగు చదువు.

తమిళనాడు ప్రభుత్వం 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006-07 విద్యా సంవత్సరంలో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠ్యాంశమయింది. ఆ వరుస 2015-16లో పదో తరగతికి చేరింది. మాతృభాషను ఐచ్ఛికంగా చదువుకునే వీలు ఉన్నా, బడిలో తెలుగు ఉపాధ్యాయుడు ఉన్నప్పుడే అది అక్కరకు వస్తుంది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది గానీ, ఉపాధ్యాయుని ఖాళీని అధికరణం భర్తీ చేయదు. తమిళం నేర్వడాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. తమిళనాడులో బతికే పిల్లలకు తమిళం రాకపోతే నష్టం వారికే. అయితే తమిళం వచ్చిన ఇంట తెలుగు అక్షరం పోనక్కరలేదు.

కుప్పం వైపు నుంచి కోడలిగా వచ్చిన తల్లికి తెలుగు చదవడం వచ్చు, తమిళం రాదు. పిల్లలకు తమిళం చదవడం వచ్చు, తెలుగు రాదు. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే అయినా ఒకరు రాసింది మరొకరు చదవలేరు. బడి నుంచి వచ్చిన చీటీని పిల్లవాడే చదివి అమ్మకు అర్థం చెప్పాలి. మార్కుల పట్టికను కూడా వాడే చదివి వినిపిస్తే, ఎర్రసిరా గీత ఏ పాఠ్యాంశం కింద ఉందన్నది వాడి దయ!

తమిళ అక్షరాలు ముందు నేర్చిన పిల్లలకు తెలుగు నేర్పేటప్పుడు ఒక చిక్కు తప్పక ఎదురవుతుంది. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. ట, డ, త, ద, ప, బ కూడా అంతే. ఎక్కడ ఏ ధ్వని పలకాలో చోటును బట్టి తెలుస్తుంది. ఒత్తక్షరాలయిన ఖ, ఘ, ధ, భ వంటివి లేనే లేవు. ఆ అలవాటుతో పిల్లవాడు ‘బడి’ని ‘పడి’ అనీ, ‘గంట’ను ‘కంట’ అనీ రాస్తాడు. తెలివితక్కువ అని గద్దించడం సరికాదు. ఒక లిపి న్యాయాన్ని మరొక లిపికి వర్తింపజేశాడంతే. మొత్తం వర్ణమాలను వరుసగా వల్లె వేయించడం కంటే ఇటువంటి జంట అక్షరాలను పక్కపక్కన పెట్టి, గడి–కడి, దారి–తారి, బలం–పలం అని నోటితో పలికిస్తూ రాయించడం త్వరగా పట్టుబడుతుంది. పలుకుబడి వాడికి ఎలాగూ ఇంట్లో వచ్చినదే. చెవికి తెలిసిన తేడాను కంటికి చూపడమే మిగిలిన పని.

కోలారు వైపు పిల్లలకు ఈ ఇబ్బంది లేదు. కన్నడ లిపికీ తెలుగు లిపికీ పోలిక ఎంత దగ్గరిదంటే తలకట్టు తీరు, క, త, శ వంటి కొన్ని అక్షరాలు విడిచిపెడితే మిగతావి దాదాపు గుర్తుపట్టగలిగినవే. కన్నడం చదివే పదేళ్ల పిల్ల కుప్పం బస్సు బోర్డును కాస్త తడుముకుని చదివేస్తుంది. అందుకే అవ్వగారింట ముగ్గురు రాష్ట్రాల పిల్లలు చేరినప్పుడు గురుత్వం సహజంగా ఆ పిల్లకే వస్తుంది. అంగళ్ల పేర్లు, పెళ్లి పత్రికలు, తాత దగ్గరున్న గంటల పంచాంగం, సినిమా గోడపత్రికలు – ఏది దొరికితే అదే పాఠ్యపుస్తకం. పెద్దవారు కూర్చోబెట్టి నేర్పితే పారిపోయే పిల్లవాడు, మేనత్త కూతురు తనకంటే ముందు చదివేసిందన్న ఉక్రోషంతో నాలుగు రోజుల్లో గుణింతాలు పట్టేస్తాడు. ఉమ్మడి సెలవు ఆరు రోజులా, నాలుగు రోజులా అన్న లెక్కకు విలువ ఇక్కడ ఉంది.

విజయదశమి నాడు తమిళనాడు బడుల్లో చిన్నపిల్లలను చేర్చుకునే ఆనవాయితీ ఉంది. అదే ఉదయం ఇంట్లో పళ్లెంలో బియ్యం పోసి తెలుగు అక్షరం దిద్దించి, ఆ తరువాత బడికి తీసుకువెళ్లి తమిళ అక్షరం దిద్దించవచ్చు. ఒక పూటకు రెండు పనులూ సాగుతాయి.

వాన సెలవు, నోము దారం

దసరా వెళ్లగానే దీపావళి. తమిళనాడులో నరక చతుర్దశి తెల్లవారుజామున తలంటు పోసుకుని టపాకాయలు కాల్చడంతో పండుగ ముఖ్యభాగం అయిపోతుంది. తెలుగువారికి అమావాస్య సాయంత్రపు దీపాలే దీపావళి. కేదారేశ్వర నోము ఉన్న ఇళ్లలో అమావాస్య నాడే అతిరసాల పాకం పట్టాలి. చతుర్దశీ అమావాస్యా వేర్వేరు రోజుల్లో పడిన ఏడు సెలవు ఒక దానికి ఉంటే ఇంటి పండుగ మరొక దానికి ఉంటుంది. నోము దారం ముంజేతికి కట్టుకుని బడికి పరిగెత్తే పిల్లలు అటువంటప్పుడే కనిపిస్తారు.

ఈశాన్య ఋతుపవనాలు వచ్చాక వాన సెలవులు మొదలవుతాయి. వాటిని జిల్లా కలెక్టరు జిల్లాకు మాత్రమే ప్రకటిస్తారు. కృష్ణగిరిలో బడి లేదని తెలిసినంత మాత్రాన కుప్పంలో ఉండదనుకోరాదు. 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను వల్ల కృష్ణగిరి జిల్లా ఊతంగరైలో ఒక్క రోజులో సుమారు 50 సెంటీమీటర్ల వాన కురిసింది. అటువంటి రోజుల్లో సెలవు కబురు కోసం తమ జిల్లా ప్రకటననే చూసుకోవాలి, చుట్టాల ఫోనును కాదు. పోయిన రోజులను తరువాతి శనివారాల్లో పూడుస్తారు గనుక, శనివారం చూసుకుని ఊరికి వెళదామనుకున్నవారి ప్రయాణం మళ్లీ వాయిదా పడుతుంది.

ఈ చిక్కు ఒక్క ఈ కూడలికే పరిమితం కాదు. మహారాష్ట్రలో పెద్ద సెలవు దసరాకు కాదు, దీపావళికి. గోదావరికి అవతల తెలంగాణ పిల్లలు బతుకమ్మ పూలు ఏరుతున్న తొమ్మిది రోజులూ ఇవతల సిరొంచ తెలుగు పిల్లలు బడిలో ఉంటారు. ఒడిశాలో పర్లాఖెముండి వైపు తేడా ఇంకా తమాషాగా ఉంటుంది. ఒడియావారి మాసం పూర్ణిమతో ముగుస్తుంది, తెలుగువారిది అమావాస్యతో. కనుక వారి కార్తికం కుమార పూర్ణిమ మరునాడే మొదలై, తెలుగు కార్తికం కంటే పక్షం రోజులు ముందుంటుంది. ఇరుగుపొరుగును అనుసరించి ముందే మాంసం మానేసి, తమ నెల ముగిసేదాకా ఆగే తెలుగు ఇంట అది నెలన్నర నిష్ఠ. పిల్లల అన్నం డబ్బాల్లో కోడిగుడ్డు కనబడని నెలన్నర కూడా.

పంచాంగం ప్రకారం 2026లో అధిక జ్యేష్ఠం ఉన్నందున విజయదశమి అక్టోబరు 20. త్రైమాసిక పరీక్షల సెలవులకు అది అందే తేదీ కాదు. అందుకే కొన్ని ఇళ్లలో పిల్లల కలయికను సంక్రాంతికి మార్చుకుంటున్నారు. సంక్రాంతి సౌరమానపు పండుగ గనుక జనవరి 14, 15 తేదీలను దాటి ఎటూ పోదు. తమిళనాడులో పొంగల్ సెలవులు, ఆంధ్రప్రదేశ్‌లో సంక్రాంతి సెలవులు ఏటా కలిసే వస్తాయి. కోలారు వైపు పిల్లలకు మాత్రం ఆ పండుగకు ఒక్క రోజే సెలవు.