హైదరాబాదు పరిసరాల్లో గ్రామీణ విడిది

హైదరాబాదు నగరానికి పశ్చిమాన గల హైటెక్ సిటీ, సైబరాబాదు ఐటీ కారిడారు నుండి ఒకటి రెండు గంటల్లో చేరగలిగిన పల్లెల్లో, వరి మడులు, కూరగాయల తోటలు, చెరువు కట్టల నడుమ తక్కువ ఖర్చుతో ఒకటి రెండు రోజులు బస చేయడాన్ని గ్రామీణ విడిది అనవచ్చును. పెంకుటిల్లు, చిన్న బంగళా, కుటీరం, రైతు ఇంటిలోని అద్దె గది, పర్యాటక శాఖ అతిథిగృహం మొదలైనవి ఈ విడిదికి ఉపయోగపడుతున్నాయి. మొయినాబాద్, చేవెళ్ళ, శంకర్‌పల్లి, వికారాబాదు, భూదాన్ పోచంపల్లి ప్రాంతాలు ఇందుకు ప్రధాన కేంద్రాలు. ఇటువంటి విడిదికి ఆకర్షణ గది కాదు, గది చుట్టూ ఉన్న పొలం. ఆ పొలం సాగులో నిలవడం ఇక్కడి ప్రధాన సమస్య.

పేరు, పూర్వరూపాలు

బంగళా అనే పదం బెంగాల్ తరహా ఇంటిని సూచించే మాట నుండి వచ్చినది. బ్రిటిషు పాలనలో ప్రయాణం చేసే ఉద్యోగుల కోసం కట్టిన డాక్ బంగళాలు, ముసాఫిరు బంగళాలు ఈ పదాన్ని తెలుగు పల్లెలకు పరిచయం చేసినవి. అంతకు పూర్వమే తెలుగు దేశంలో బాటసారులకు సత్రాలు, పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. ఓరుగల్లు నగర జీవితాన్ని వర్ణించే క్రీడాభిరామములో పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన కలదు. సత్రంలో బస ధర్మంగా లభించేది. పూటకూళ్ళ ఇంటిలో భోజనానికి వెల చెల్లించవలసి ఉండేది. నేటి తక్కువ ఖర్చు విడిది ఈ రెండవ సంప్రదాయానికి దగ్గరగా ఉన్నది.

నేటి ఐటీ కారిడారుకు చేరువలోనే పాత విడిది ఒకటి ఇప్పటికీ నిలిచి ఉన్నది. షేక్‌పేటలోని కుతుబ్‌షాహీల కాలపు సరాయి రెండంతస్తుల కట్టడం. వర్తకులకు గదులు, వారి గుర్రాలకు, ఒంటెలకు శాలలు ఇందులో ఉండేవి. గోల్కొండకు వచ్చే బాటసారులు కోటకు వెలుపల ఇక్కడ బస చేసేవారు.

ఐటీ కారిడారు నేపథ్యం

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ, కోకాపేట అనునవి మొదట బండరాళ్ళ గుట్టలు, చెరువులు, వాటి కింద కొద్దిపాటి సాగు గల గ్రామాలు. మాదాపూర్ సమీపంలోని దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు అందించినది. 1992లో ఇదే ప్రాంతంలో శిల్పారామం ఏర్పాటయినది. పల్లె ఇళ్ళ నమూనాలు, చేతివృత్తుల బొమ్మలు ఇందులో ప్రదర్శించబడుతున్నాయి. అంటే ఇక్కడ పల్లె పూర్తిగా కనుమరుగు కాకమునుపే దాని నమూనా వెలిసినది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. 2007లో శేరిలింగంపల్లితో సహా చుట్టుపక్కల పురపాలక సంఘాలు మహానగర పాలక సంస్థలో విలీనమయినవి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారిలో గచ్చిబౌలి - శంషాబాదు భాగం 2008లో వాడుకలోకి వచ్చినది. ఈ రహదారి వలన కార్యాలయాల్లో పనిచేసేవారికి శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం తిరిగి రాగలిగే దూరంలోకి పల్లెలు వచ్చినవి. ఆ రహదారి వెంబడే పొలాల ధరలు కూడా పెరిగినవి.

విడిది రకాలు

ఈ ప్రాంతంలోని విడిదిని స్థూలంగా నాలుగు రకాలుగా విభజించవచ్చును.

రైతు ఇంటి విడిది: ఇంటివారు ఒకటి రెండు గదులను అతిథులకు ఇచ్చి, తాము తినే భోజనమే పెడతారు. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ గృహ విడిది పథకంలో ఇటువంటి ఇళ్ళు నమోదు చేసుకోవచ్చును. యజమాని కుటుంబం అదే ఇంటిలో నివసించడం, అద్దె గదులు ఒకటి నుండి ఆరు వరకు మాత్రమే ఉండటం ఈ పథకంలోని ముఖ్య నిబంధనలు.

పర్యాటక శాఖ అతిథిగృహాలు: ఇవి హరిత అనే పేరుతో నడుస్తున్నాయి. మూసీ నది జన్మస్థానమైన వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలపై ఇటువంటి విడిది కలదు.

అద్దె ఫామ్‌హౌస్‌లు: నగరవాసులు కొన్న పొలాల్లో కట్టుకున్న ఇళ్ళు. యజమాని రాని రోజుల్లో వీటిని బృందాలకు అద్దెకు ఇస్తారు. గది లెక్కన కాక ఇల్లు మొత్తానికి ఒక రోజు అద్దె ఉండటం వలన పదిమంది కలిసి పంచుకుంటే తలసరి ఖర్చు తగ్గుతుంది.

రిసార్టులు: ఈత కొలను, సమావేశ మందిరం, ఆటస్థలం వంటి సౌకర్యాలు గల పెద్ద విడుదులు. వీటిలో ఖర్చు ఎక్కువ. పేరుకు పల్లెలో ఉన్నప్పటికీ వీటి ఆవరణలో సాగు ఉండటం తప్పనిసరి కాదు.

వ్యవసాయ భూమిలో రిసార్టు వంటి వ్యాపార కట్టడం నిర్మించాలంటే ఆ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చుకోవలసి ఉంటుంది. ఇందుకు 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేసిన చట్టాన్ని వాడుకలో నాలా చట్టం అంటారు. అనగా పెద్ద విడిది ఒకటి వెలిసిందంటే అంత మేర సాగుభూమి తగ్గిందని అర్థం. రైతు ఇంటి విడిదికి ఈ మార్పు అవసరం ఉండదు. ఉన్న ఇల్లే విడిది, ఉన్న పొలమే దృశ్యం.

వరి పొలాల కాలక్రమం

వరి పొలం ఏడాది పొడవునా పచ్చగా ఉండదు. కనుక సందర్శకులు పంట కాలాన్ని తెలుసుకొని వెళ్ళడం మంచిది. తెలంగాణలో వరి వానాకాలం, యాసంగి అని రెండు పంటలుగా పండుతుంది. నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లో వీటినే ఆబీ, తాబీ అనేవారు.

వానాకాలంలో జూన్ నెలలో నారుమడులు పోస్తారు. జూలై, ఆగస్టు నెలల్లో పొలాన్ని నీటితో దమ్ము చేసి నాట్లు వేస్తారు. నాట్లు వేసే పని ఎక్కువగా స్త్రీలదే. సెప్టెంబరులో పైరు దట్టంగా పచ్చబడుతుంది. అటు తరువాత వెన్ను తీసి, గింజ పాలుపోసుకొని, నవంబరు నాటికి కోతకు వస్తుంది. యాసంగిలో డిసెంబరు, జనవరి నెలల్లో నాట్లు, ఏప్రిల్ నెలలో కోతలు జరుగుతాయి. మే నెలలో పొలాలు చాలా వరకు ఎండి ఉంటాయి. పచ్చదనం కోసం వెళ్ళేవారికి ఆగస్టు చివరి నుండి అక్టోబరు వరకు అనుకూలమైన కాలం.

నగరానికి దక్షిణాన రాజేంద్రనగర్‌లో భారతీయ వరి పరిశోధన సంస్థ, ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. తెలంగాణ సోనాగా పేరొందిన ఆర్‌ఎన్‌ఆర్ 15048 అనే సన్నరకం వరి ఈ విశ్వవిద్యాలయంలో రూపొందినదే.

మొయినాబాద్, చేవెళ్ళ ప్రాంతాల్లో వరి ప్రధానంగా చెరువుల కింద, బోరుబావుల కింద కనిపిస్తుంది. మెట్ట భూముల్లో నగర విపణి కోసం కూరగాయలు, పూలు పండిస్తారు. విస్తారమైన వరి మడులు చూడగోరేవారికి మూసీ దిగువ ప్రాంతం అనువైనది.

జంట జలాశయాలు మరియు 111 జీవో

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదును ముంచెత్తినది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ననుసరించి వరద నివారణకు, తాగునీటికి రెండు జలాశయాలు నిర్మించారు. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ 1927లో పూర్తయినవి. ఉస్మాన్ సాగర్‌నే గండిపేట చెరువు అంటారు. దీని పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌ది 1763.5 అడుగులు.

ఈ జలాశయాల రక్షణ కోసం 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నెంబరు జీవో జారీ చేసినది. పూర్తి నీటిమట్టం నుండి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్యం కలిగించే పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, నివాస కాలనీలు నిషేధించబడినవి. 84 గ్రామాలు ఈ నిబంధనల కిందకు వచ్చినవి. ఈ పరిధిలోని ఒక నూనెల కర్మాగారం కేసులో సుప్రీం కోర్టు 1999, 2000 సంవత్సరాల్లో ఇచ్చిన తీర్పులు పర్యావరణ న్యాయంలో ముందుజాగ్రత్త సూత్రానికి ప్రసిద్ధి పొందినవి.

పెద్ద కట్టడాలు రాకపోవడం వలననే ఐటీ కారిడారుకు ఆనుకొని ఉన్నప్పటికీ మొయినాబాద్ వైపు పొలాలు చాలాకాలం మిగిలినవి. ఆ ప్రశాంతతే ఫామ్‌హౌస్‌లను ఆకర్షించినది. చిలుకూరు బాలాజీ దేవాలయం, మృగవని జాతీయ వనం కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నాయి. అయితే తమ భూములకు పక్క గ్రామాల్లో ఉన్న ధర రావడం లేదని 84 గ్రామాల రైతుల్లో చాలామంది ఈ జీవోను వ్యతిరేకించారు. నగరవాసి చూసి ఆనందించే పచ్చదనానికి మూల్యం ఒక విధంగా ఈ రైతులు చెల్లించినదే.

కృష్ణా జలాలు 2004 నుండి, గోదావరి జలాలు 2015 నుండి నగరానికి అందుతున్నందున ఈ రెండు చెరువులపై ఆధారపడటం తగ్గిందనే కారణంతో 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నెంబరు జీవో ద్వారా పాత నిషేధాలను షరతులతో తొలగించినది. 2023 మే నెలలో 111 జీవోను పూర్తిగా రద్దు చేయాలని అప్పటి మంత్రివర్గం నిర్ణయించినది. పర్యావరణవాదులు ఇందుకు అభ్యంతరం తెలిపారు. తాగునీటి అవసరం తగ్గినా వరదను ఆపే అవసరం తగ్గలేదని వారి వాదన. 2020 అక్టోబరు వరదల్లో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తవలసి వచ్చినది. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ అదే సంవత్సరం ఆగస్టులో గండిపేట పూర్తి నీటిమట్టం పరిధిలోని కొన్ని అక్రమ కట్టడాలను కూల్చివేసినది.

మూసీ దిగువ: భూదాన్ పోచంపల్లి

హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో యాదాద్రి భువనగిరి జిల్లాలో గల పోచంపల్లి, ఈ పరిసరాల్లో గ్రామీణ పర్యాటకానికి ప్రసిద్ధ ఉదాహరణ. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే ఇక్కడికి వచ్చినపుడు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాల భూమిని దానం చేయగా భూదానోద్యమం మొదలయినది. ఇక్కడి చిటికి నేత చీరలు భౌగోళిక గుర్తింపు పొందినవి. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసినది. గ్రామంలోని పర్యాటక సముదాయంలో బసకు ఏర్పాట్లున్నాయి. సందర్శకులు మగ్గాల ఇళ్ళకు వెళ్ళి నూలు కట్టడం, రంగులద్దడం, నేయడం చూడవచ్చును.

ఈ వైపు వరి మడులు విస్తారంగా ఉన్నాయి. కాని వాటికి పారే మూసీ నీటిలో నగరం వాడి వదిలిన మురుగు అధికం. వానలు లేని నెలల్లో కూడా మూసీలో నీరు ఉండటానికి ఇదే కారణం. ఈ విధంగా ఎగువన నగరవాసుల విడిదిగృహాలు, నడుమ నగరం, దిగువన ఆ నగరపు మురుగుతో పండే వరి అన్నీ ఒకే నది వెంబడి ఉన్నాయి. ఎగువ విడుదుల నుండి శుద్ధి చేయని మురుగు వదిలితే అది ముందు జలాశయాలకు చేరుతుంది.

ఆర్థిక అంశాలు

2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం నిర్వహించిన వేలంలో ఎకరా గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికినది. అదే 2023-24లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు. ఎకరాకు 25 క్వింటాళ్ళు పండినా రైతుకు వచ్చేది 54,575 రూపాయలు. విత్తనం, ఎరువు, కూలి ఖర్చులు ఇందులో నుండే పోవాలి. కోకాపేట ధర అన్ని గ్రామాలకు వర్తించదు. అయినప్పటికీ నగరం సమీపించేకొద్దీ వరి సాగు ఎందుకు నిలవడం లేదో ఈ లెక్క తెలుపుతున్నది.

వరి ఆదాయం చాలకపోవడం ఈ ప్రాంతానికే పరిమితం కాదు. సారవంతమైన కోనసీమలో సైతం 2011లో రైతులు సాగు గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించారు. అదే కోనసీమలోని దిండి గ్రామంలో గోదావరి తీరాన పర్యాటక శాఖ విడిది కొబ్బరి తోటల అందాలతో సందర్శకులను ఆకర్షిస్తున్నది. ఒకే నేల రైతుకు నష్టాన్ని, పర్యాటకానికి లాభాన్ని ఇవ్వగలదని దీనివలన తెలుస్తున్నది.

అద్దెలో కొంత భాగం సాగుచేసే కుటుంబానికే చేరడం ఇందుకు ఒక పరిష్కారంగా చెప్పబడుతున్నది. ఇటలీలో చట్టం ప్రకారం పొలం విడిది నడిపేవారికి వ్యవసాయమే ప్రధాన వృత్తిగా ఉండాలి. అతిథుల బస దానికి అనుబంధం మాత్రమే. సాగు ఆపితే విడిది నడిపే అర్హత కూడా పోతుంది. మహారాష్ట్రలో బారామతి పరిసరాల్లో 2000 దశకంలో వ్యవసాయ పర్యాటకం రైతుల పొలాల్లోనే ఆరంభమయినది.

సందర్శకులు గమనించవలసినవి

* బుక్ చేసుకునే ముందు చుట్టూ ఉన్న పొలం ఎవరు సాగు చేస్తున్నారో, ఆ నెలలో పైరు ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవాలి.
* గట్ల మీదనే నడవాలి. నాటిన మడిలో దిగితే పైరు పాడవుతుంది.
* వానాకాలంలో పొలాల్లో పాములు తిరుగుతాయి. రాత్రివేళ దీపం, చెప్పులు లేకుండా బయటకు వెళ్ళరాదు.
* కోతల కాలంలో బాటల మీద వడ్లు ఆరబోస్తారు. వాటి మీదుగా వాహనాలు నడపరాదు.
* పల్లెల్లో పెందలాడే నిద్రిస్తారు. పెద్ద శబ్దంతో పాటలు పెట్టడం తగదు.
* కూరగాయలు, పాలు, బియ్యం ఊరిలోనే కొంటే ఆ ఖర్చు నేరుగా రైతుకు చేరుతుంది.

ఇవి కూడా చూడండి

* ఉస్మాన్ సాగర్
* మూసీ నది
* భూదాన్ పోచంపల్లి
* హైటెక్ సిటీ
* వరి